భుజం మీద చారలొస్తే బరువులు మానేస్తారా?

చెల్లెళ్లూ, ఈసారి మన ముచ్చట్లు జిమ్ చుట్టూ తిరుగుతాయి. "అక్కయ్యకి ఈ వయసులో డంబెళ్ల గొడవేంటి?" అని నవ్వుకునేవాళ్లు కాసేపు నవ్వుకోండి, నాకేం పర్వాలేదు. చిన్న ఊళ్లలో కూడా జిమ్‌లు వెలిశాయి. ఆడపిల్లలు పొద్దున్నే బూట్లు వేసుకుని బరువులెత్తడానికి బయల్దేరుతున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అయితే ఆ పిల్లల్లో చాలామంది పైకి చెప్పుకోలేక లోపల్లోపలే మథనపడే సంగతి ఒకటుంది. అది నాకు టైలరు కొట్లో తెలిసింది.

శ్రావణమాసం పెళ్లిళ్లకని మా ఆడపడుచు కూతురికి జాకెట్లు కుట్టించడానికి తీసుకెళ్లాను. పిల్ల ఏడాదిగా బరువులెత్తుతోంది. టైలరమ్మ చంక కిందినుంచి టేపు చుట్టి, "పాత కొలతలకి కుడితే చెయ్యి ఎక్కదమ్మా, అంగుళమున్నర పెరిగింది" అంది. పిల్ల మొహం వెలిగిపోయింది. "స్లీవ్‌లెస్ పెట్టమంటారా? ఇలాంటి భుజాలకి బాగుంటుంది" అని ఆవిడ అనగానే ఆ వెలుగంతా ఆరిపోయింది. "వద్దండీ, మోచేతి దాకా పెట్టండి" అని తల దించుకుంది.

ఇంటికొచ్చాక టీషర్టు పక్కకి జరిపి చూపించింది. భుజం ముందువైపు, చంక మడత మొదలయ్యే చోట నాలుగైదు గీతలు. ఒక్కోటి చిటికెన వేలంత పొడవు, వంగపండు రంగు. వేలితో తడిమితే చర్మం అక్కడ పలచబడి, కాస్త పల్లంగా తెలుస్తోంది. రెండో భుజం మీదా సరిగ్గా అదే చోట. "దురద కూడా పెడుతోంది అత్తా. నా చర్మం చిరిగిపోతోందా?" అంది బిక్కమొహంతో.

ఈలోగా వాళ్లమ్మ అందుకుంది. "ఆ బరువులు వద్దే అంటే వినదు వదినా. పెళ్లి కావలసిన పిల్ల, రేపెవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"పెళ్లిచూపుల్లో భుజాలెవరు చూస్తారే? అది సరే గానీ, నీ పొట్ట మీద ఉన్నవి ఏ జిమ్‌కి వెళ్తే వచ్చాయి?" అన్నాను.

"అవి వేరు వదినా! అవి దీన్ని మోసినందుకు వచ్చినవి."

వేరేం కాదు. తల్లి పొట్ట మీదివీ, కూతురి భుజం మీదివీ ఒకే జాతి. డాక్టర్లు రెంటినీ 'స్ట్రయే డిస్టెన్సే' అనే పేరుతోనే పిలుస్తారు. మనం స్ట్రెచ్ మార్కులంటున్నాం, పెద్దవాళ్లు చారలనేవారు. జరిగేది ఇదీ: మన చర్మంలో పైకి కనిపించే పలచని పొర కింద డెర్మిస్ అని మందపాటి పొర ఉంటుంది. కొలాజెన్, ఎలాస్టిన్ అనే నారలు అల్లుకుని దానికి గట్టిదనాన్నీ, సాగే గుణాన్నీ ఇస్తాయి. లోపలి ఒళ్లు ఆ అల్లిక తట్టుకోలేనంత వేగంగా పెరిగితే అక్కడక్కడా నారలు తెగుతాయి. బిగుతు జాకెట్టులో పైగుడ్డ బాగానే ఉండి లోపలి లైనింగ్ పిగిలినట్టన్నమాట. పైచర్మం తెగదు కాబట్టి రక్తం రాదు, పుండు పడదు. పిల్ల భయపడ్డట్టు ఇంకో పది కిలోలు ఎత్తితే భుజం పటుక్కున పగిలిపోయేదేమీ లేదు.

లోపలి ఒళ్లు అంటే అది బిడ్డే కానక్కర్లేదు. పదమూడు, పద్నాలుగేళ్లకి గబుక్కున పొడవు సాగే పిల్లలకి వస్తాయి. ఒళ్లు చేసినవాళ్లకి తొడల మీద, పిరుదుల మీద వస్తాయి. బరువులెత్తేవాళ్లకి కండ పెరిగే చోట వస్తాయి. ముఖ్యంగా ఛాతీ కండ భుజం కండని కలిసే మూల, దండ చెయ్యి లోపలివైపు, స్క్వాట్లు ఎక్కువ చేసేవాళ్లకైతే తొడలు. ఇక్కడో మాట. కొడుకు స్నానం చేసి వస్తుంటే నడుము వెనక అడ్డంగా మెట్లు మెట్లుగా ఎర్రటి గీతలు కనిపించి, "నిన్నెవరు కొట్టార్రా?" అని గుండె గుభేలుమన్న తల్లులున్నారు. మగపిల్లలు ఎదిగే వయసులో ఆ చోట చారలు రావడం మామూలే. బెల్టు దెబ్బలనుకుని పొరబడ్డవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు.

అందరికీ రావు. ఒకే ట్రైనరు దగ్గర ఒకే బరువులెత్తే ఇద్దరిలో ఒకరికి భుజమంతా చారలుంటాయి, ఇంకొకరికి గీటు కూడా ఉండదు. చాలావరకు అది పుట్టుకతో వచ్చిన చర్మం. తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. మా ఆడపడుచుకి ఆ సంగతి చెబితే, "అంటే ఇదీ నా తప్పేనా?" అంది! ఆడదాని మీదికి నెట్టకుండా ఏ సంగతీ తెమలదు కదా మన ఇళ్లలో.

మొదట్లో ఎర్రగానో, ఊదాగానో ఉంటాయి. మన చామనఛాయ ఒంటి మీదైతే గోధుమ, నలుపు కలిసిన రంగులో కూడా కనిపిస్తాయి. అప్పుడే ఆ దురద. నెలలు గడిచేకొద్దీ రంగు దిగి, చివరికి తెల్లగా, వెండి పోగుల్లాగా మిగిలిపోతాయి. చిన్నప్పుడు వచ్చినవి పెద్దయ్యాక దగ్గరికొచ్చి వెతికితే తప్ప కనపడవు. పూర్తిగా మాయం మాత్రం కావు.

ఇక్కడే నూనెల వ్యాపారం మొదలవుతుంది చెల్లెళ్లూ. కొబ్బరినూనె, బాదంనూనె, కోకో బటర్, ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించుకునే చిన్న బుడ్డీ నూనె... రాసుకుంటే చర్మం మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. అంతవరకు మంచిదే. నాకూ చలికాలంలో నువ్వులనూనె పట్టించుకుని నలుగు పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ తెగిన నారలు డెర్మిస్‌లో ఉన్నాయి. పైన రుద్దిన నూనె వాటిని అతికించలేదు. కోకో బటర్ ఇంత గొప్ప, అంత గొప్ప అంటారు కదా, లెబనాన్‌లో కొందరు గర్భిణులకి కోకో బటర్ లోషనూ, మరికొందరికి అది కలపని ఉత్త లోషనూ ఇచ్చి చూశారు. 2008లో అచ్చయింది ఆ పరిశోధన. చారలు రావడంలో ఇద్దరికీ తేడా లేదు. కాబట్టి నూనె కొనాలనుకుంటే వంటకి వాడే నువ్వులనూనే చాలు. వందలు పోసి బుడ్డీలు కొనకండి.

మరి దారే లేదా అంటే, కాస్త ఉంది. చారలు ఎర్రగా ఉన్నప్పుడే చర్మవైద్యుల దగ్గరికి వెళ్తే ట్రెటినాయిన్ అనే పూతమందు ఇవ్వచ్చు. కొంతమందిలో కొంత తగ్గుతుంది. గర్భిణులూ, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లూ దాని జోలికి వెళ్లకూడదు. తెల్లబడ్డవాటికి లేజర్, మైక్రోనీడిలింగ్ లాంటివి ఉన్నాయి. ఒక్కసారితో అయ్యేవి కావు, చాలాసార్లు కూర్చోవాలి, డబ్బు వేలల్లో. అప్పుడు కూడా చార మసకబడుతుందే కానీ చెరిగిపోదు. పైగా మన రంగు చర్మానికి లేజర్ తగిలిన చోట నల్ల మచ్చ పడే ప్రమాదం ఉంది. 'నూటికి నూరు శాతం గ్యారంటీ' అని బోర్డు పెట్టినవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటకొస్తే భుజం కోసం ఇంత హైరానా పడాలా అని నేనడుగుతాను. వద్దనుకుంటే వద్దు, కావాలనుకుంటే మంచి డాక్టరుని చూసుకుని వెళ్లండి. అది మీ ఒళ్లు, మీ డబ్బు.

రాకుండా చూసుకోవడంలో మన చేతిలో ఉన్నది ఒకటే, వేగం తగ్గించడం. "మూడు నెలల్లో పది కిలోలు పెంచుతా" అనే ట్రైనరు దగ్గర పెరిగేది కండ కాదు, ఎక్కువభాగం కొవ్వూ నీరూ. ఒళ్లు పెంచాలనుకున్న సన్నటి పిల్లలైనా వారానికి పావుకిలోకి మించకుండా చూసుకుంటే చర్మానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఆడపిల్లలకి ఇంకో ధైర్యం చెబుతాను. మగవాళ్లలో కండని పెంచే టెస్టోస్టిరాన్ మన ఒంట్లో చాలా తక్కువ. "బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతావే" అని బెదిరించే పెద్దమ్మలకి ఆ సంగతి చెప్పండి. అలా అవడం అంత తేలికైతే జిమ్‌కొచ్చే మగపిల్లలందరూ ఈపాటికి భీముళ్లయిపోయేవారు.

ప్రొటీన్ డబ్బాల గురించీ అడుగుతుంటారు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అది 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని వాళ్ల లెక్క. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. బరువులెత్తేవాళ్లకి ఇంతకన్నా ఎక్కువే కావాలనుకోండి. గుడ్డుకి ఆరు గ్రాములు, నూరు గ్రాముల వేరుశనగపప్పులకి పాతిక గ్రాములు, ముద్దపప్పు, పెరుగు, చేపలు... లెక్కేసుకుంటే వంటింట్లోనే చాలావరకు తేలిపోతుంది. డబ్బా తినేవాళ్లని నేను తిట్టను. కానీ అది ఎక్కడ తయారైందో, అందులో ఏముందో చదవకుండా "ట్రైనర్ ఇచ్చాడు" అని మింగేవాళ్లని తిడతాను.

ఎందుకంటే డబ్బా తర్వాతి మెట్టు ఇంజెక్షను. కండ త్వరగా రావాలని కొన్నిచోట్ల స్టెరాయిడ్లు గుచ్చుతున్నారు. కండ అంత వేగంగా ఉబ్బేసరికి చర్మం తట్టుకోలేక భుజాల నిండా వెడల్పాటి ఎర్రచారలు. వీపంతా మొటిమలు. మగపిల్లాడికి రొమ్ములు పెరగడం, వీర్యకణాలు పడిపోవడం. ఆడపిల్లకి బహిష్టు ఆగిపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, గొంతు బొంగురుపోవడం. గొంతు ఒకసారి మారితే మందు ఆపినా చాలామందికి తిరిగి రాదు. మీ వాడి భుజాల మీద చారలు కనిపించగానే అనుమానంతో విరుచుకుపడకండి. చార ఒక్కటే ఉంటే భయం లేదు. చారతోపాటు వీపున మొటిమలు, ఊరికే కోపం, నెలలోనే కొట్టొచ్చినట్టు పెరిగిన ఒళ్లు, ఈ మూడూ కలిస్తే కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి.

మందు లేకుండా కండ రాదనేవాళ్లకి మన ఉత్తరాంధ్ర వైపు చూపించండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. చేతుల్లేని ఆ ఆటబట్టల్లో భుజాలు మొత్తం కనిపిస్తాయి, దేశమంతా టీవీలో చూసింది. ఎవరైనా చర్మం గురించి మాట్లాడారా? విజయనగరం దగ్గర కొండవెలగాడ అనే పల్లె బరువులెత్తేవాళ్ల ఊరుగానే పేరు పడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదట వచ్చిన అమ్మాయి నిషేధిత మందు వాడినట్టు తేలడంతో ఆమె పతకం లాగేసుకున్నారు, మన సంతోషి కంచు వెండి అయింది. మందు ఎంత దూరం తీసుకెళ్తుందో ఇంతకన్నా వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను, కాస్త దగ్గరికి జరిగి వినండి. ఇది సిగ్గుతో దాచుకునే విషయం.

జిమ్‌లో చెమట కారుతుంది. వేసుకునేవి ఒంటికి అతుక్కుపోయే సింథటిక్ బట్టలు. ఆ తడి బట్టలతోనే బండెక్కి ఇంటికో, ఆఫీసుకో పోతారు. కొన్నాళ్లకి గజ్జల్లో, తొడల సందున, రొమ్ముల కింద గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా, ఒకటే దురద. తామర. డాక్టరుకి చూపించడానికి సిగ్గు. అందుకని మందుల షాపుకెళ్లి గొంతు తగ్గించి "దురదకి ఏదైనా ట్యూబివ్వండి" అంటారు. అతను ఇచ్చేస్తాడు. రెండు రోజుల్లో దురద మాయం. "ఆహా, ఏం ట్యూబు!" అనుకుని మళ్లీ వచ్చినప్పుడల్లా రాస్తారు. వదినా రాస్తుంది, మరిదీ రాస్తాడు, ఇంట్లో అందరికీ ఒకే ట్యూబు.

ఆ ట్యూబుల్లో చాలావాటిలో తామర మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అది దురదని నొక్కేస్తుంది, తామరని లోపల పెంచుతుంది, చర్మాన్ని పలచబరుస్తుంది. గజ్జల్లో, చంకల్లో చర్మం అసలే పలచన, మడత పడి ఉంటుంది కాబట్టి మందు ఇంకా ఎక్కువగా ఇంకుతుంది. కొన్ని వారాలు వాడేసరికి తొడల లోపలివైపు వెడల్పాటి ఎర్రచారలు లేస్తాయి. అప్పుడేమనుకుంటారు? "స్క్వాట్లు ఎక్కువ చేశాను, అందుకే" అనుకుంటారు. స్క్వాట్లు మానేస్తారు, ట్యూబు మాత్రం మానరు! ఇవి కూడా పోని చారలే. బరువులెత్తి తెచ్చుకున్న చారకి కండైనా మిగులుతుంది, ట్యూబు చారకి తామర మిగులుతుంది.

క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్. ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకోండి, కళ్లజోడు పెట్టుకుని ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా గొంతు తగ్గించి అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. తెల్లబడే క్రీములని మొహానికి రాసుకునేవాటిలోనూ ఇవి కలుస్తుంటాయి. ఏళ్లుగా రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మంట, ఎరుపు తిరగబెడతాయి. అందుకని ఆపడం కూడా చర్మవైద్యులకి చూపించే ఆపండి. జిమ్ అయ్యాక స్నానం, పొడి బట్టలు, నూలు లోదుస్తులు. ఎవరి తువ్వాలు వాళ్లదే. ఇంతకుమించి రాజమార్గం లేదు.

బరువుల మీద నెపం వేసి ఊరుకోకూడని చారలు ఇంకో రెండు రకాలున్నాయి. పొట్ట మీద వేలెడు వెడల్పున ముదురు ఊదా చారలు వచ్చి, మొహం గుండ్రంగా ఉబ్బి, ఊరికే చర్మం కమిలిపోతూ, కూర్చుని లేవడానికి తొడల్లో సత్తువ లేకపోతే అది ఒంట్లో కార్టిజాల్ ఎక్కువైన లక్షణం కావచ్చు. జిమ్ చారయితే బలం పెరుగుతుంది, ఇక్కడ బలం పోతుంది. హార్మోన్ల డాక్టరుకి చూపించాలి. రెండోది, బాగా పొడవుగా సన్నగా, వేళ్లు మరీ సాగినట్టుండే పిల్లలు. వాళ్లకి ఒళ్లు చేయకుండానే వీపు మీదా భుజాల మీదా చారలుంటే, పెద్ద బరువులెత్తే ముందు గుండెకి ఎకో తీయించండి. మార్ఫాన్ అనే జబ్బులో చర్మం ఒక్కటే కాదు, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ కూడా బలహీనంగా ఉంటుంది. అరుదే, కానీ తెలియకుండా బరువెత్తితే ప్రాణం మీదికొస్తుంది.

మా ఆడపడుచు ఇదంతా విని చివరికి అడిగింది: "సరే వదినా, బరువులు మానేస్తే ఆ చారలు పోతాయా?" పోవు. ఏడాది కష్టపడి తెచ్చుకున్న కండ కొన్ని నెలల్లో తగ్గుతుంది, చార అక్కడే ఉంటుంది. అలాంటప్పుడు మానడం దేనికి?

కాబట్టి తల్లులూ, పిల్లల్ని ఆపకండి. వీలైతే మీరూ వాళ్లతో బయల్దేరండి. వారానికి కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ చెబుతోంది. బహిష్టులు ఆగే వయసులో ఎముకలు గుల్లబారతాయని భయపడే మనలాంటివాళ్లకి అది ఇంకా అవసరం. ముందు బీపీ చూపించుకోండి, మోకాళ్ల సంగతి డాక్టరుకి చెప్పండి. వెళ్లిన రోజే పిల్ల పక్కన నిలబడి బారు పట్టుకోకండి. దానికి చక్రాలేవీ తొడగకపోయినా మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15 కిలోలు ఉంటుంది. రెండు కిలోల డంబెళ్లతో మొదలుపెట్టండి.